రెండో బ్రేకు

మా చిత్తూరులో వేలాన్ని పాట అంటారు.
గొంతు లేనివాళ్లు కూడా పాడొచ్చు.

మా నాయన బెల్లం మండీలో దలాలీ.
తుండుగుడ్డ కింద చెయ్యి దూర్చి
అవతలోడి వేళ్లు పట్టుకుని ధర వినేవాడు.
"నోరు అబద్ధమాడతాది గానీ
చిటికెనవేలు ఆడదు పాపా."

నా పాటకు తుండుగుడ్డ లేదు.
ఫోనుండాది.
దాంట్లో గడియారం వెనక్కి నడస్తా ఉండాది.

సరుకు: తెల్ల ఆల్టో, రెండువేల పదకొండు.
గ్రీమ్స్‌పేటలో పదమూడేళ్లు
ఊరికి డ్రైవింగు నేర్పిన బండి.
తలుపు మీద అక్షరాలు గీకేస్తే
ఎండ తగలని చోట "కుముద" అని
ఇంకా తెల్లగా తేలింది.
క్లచ్ ప్లేట్లు నాలుగుసార్లు మార్చానని రాశా.
"అది రాయగూడదత్తా," అన్నాడు మేనల్లుడు తరుణ్.
ఎడమ సీటు కిందుండే నా బ్రేకు ఫొటో కూడా పెట్టా.

మొదటి పాట ముప్పై వేలు.
అది ధర కాదు, తలుపు కొట్టి చూడటం.
కోపమొచ్చింది. గమ్మునున్నా.
ముప్పైకి బదులిస్తే
ముప్పై దగ్గర్నుంచే మాట్లాడాల.

మర్నాడు యాభై అయిదు. అరవై.
అరవై వేల నూటపదహార్లు!
పెళ్లి చదివింపులనుకున్నాడేమో మహానుభావుడు.

పుంగనూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.
తలుపు మీద గీకిన గుర్తుల్లోంచి నా నంబరు చదివినాడంట.
"పాట ఆపెయ్యక్కా. ఎనభై అయిదు. నోట్లు. ఈ సాయంత్రమే."
"పాడేదేదో పాటలోనే పాడు నాయనా."
పెట్టేశాడు.
ఆ రాత్రి కొత్త పేరొకటి ఎనభై రెండు పాడింది.
ఆయనేనని నాకెట్లా తెలుసంటే చెప్పలేను.

వేలూరోడు ఒకడు,
రెండో బ్రేకు పీకించే ఖర్చు
మూడువేలు తగ్గించుకుంటానన్నాడు.
ఇంకొకడు రోజుకు రెండుసార్లు
"ఆఖరి మాట ఎంత? ఆఖరి మాట ఎంత?"
ఆఖరి మాట మొదటే చెప్పే దలాలీని
మా మండీలో నేను చూళ్లేదు.
లక్షాపది దగ్గర మనసులో ఒక గీత గీసుకున్నా.
తరుణ్‌కి కూడా చెప్పలా.

ఏడింటికి మూత.
ఆరూ యాభైకి తొంభై నాలుగు.
తొంభై ఏడు. లక్ష. లక్షా రెండు.
చూసుకోలేదు,
నా కుడికాలు టేబుల్ కింద
నేలను గట్టిగా తొక్కుతా ఉండాది.
ధర పెరిగితే సంతోషపడాల గదా.
ఏదైనా వేగం పెరిగితే తొక్కడం
ఆ కాలికి పదమూడేళ్ల జీతం.

లక్షా నాలుగు దగ్గర గడియారం చచ్చిపోయింది.

మూడు బొత్తాలొచ్చినాయి:
ఒప్పుకో. వద్దను. నీ మాట చెప్పు.
లక్షాపది కొట్టా.

పదకొండు నిమిషాలు ఏమీ లేదు.
నాయనైతే ఆ మౌనాన్ని వేళ్లతో తడిమి
లోపల ఎంతుందో చెప్పేవాడు.
నాకు గాజు తగిలింది,
దాని మీద నా వేలిముద్రలే.

అప్పుడొచ్చింది, లక్షా ఆరు.
కింద ఒక ముక్క:
"ఆ రెండో బ్రేకు తియ్యకుండా ఇస్తారా?
మా అమ్మకు యాభై మూడు. నేర్చుకుంటానంటా ఉంది."

"బేరమత్తా అది, పడిపోవద్దు," అన్నాడు తరుణ్.
కావచ్చు.
మెత్తగా మాట్లాడి బస్తాకు పది రూపాయలు కొట్టేసేవాళ్లను
నాయన పక్కన కూర్చుని చూసినదాన్నే.
అయినా టేబుల్ కింద కాలు లేచింది.
ముందు అదే లేచింది.
ఆ తర్వాతే బొటనవేలు ఆనింది.

నాలుగువేలు యాడికి పోయినాయని
నాయనుంటే అడుగును.
లెక్క చెప్పలేను.

"కొన్నవారికి ఇంకేమైనా చెప్పాలా?"
ఖాళీ గడి ఒకటి అడిగింది.
టైర్ల సంగతి రాశా.
బ్యాటరీ కాగితం డ్యాష్‌బోర్డులో ఉందని రాశా.
పొద్దున్నే రెండో గేరు మొరాయిస్తుంది,
కాసేపాగితే పడుతుంది,
తిట్టొద్దు, అని రాశా.

మళ్లీ చదువుకుంటే
బండి గురించేనా అని నాకే అనుమానమొచ్చింది.
అట్లనే పంపించేశా.